బుగ్గ బండి

28 జులై 1974, ఆదివారం

నడిచింది! మా కిష్టయ్య బండి పెండ గ్యాసు మీద నడిచింది!

ఎవరితో చెప్పినా తనివి తీరలేదు. అందుకే సబ్బుల ఏజెంటు ఇచ్చిన ఈ డైరీ తీశాను. జనవరి నుంచి దీంట్లో ఒక్క అక్షరం రాయలేదు. రాయవలసిన సంగతి ఇవాళే జరిగింది.

పొద్దున్నే నా కొడుకు పెట్రోలుతో ఇంజను మొదలుపెట్టాడు. డ్రైవరు సీటు పక్కన రెండు నల్లాలు బిగించుకున్నాడు, ఒకటి పెట్రోలుది, ఒకటి గ్యాసుది. పెట్రోలు నల్లా మూసి గ్యాసు నల్లా తిప్పాడు. ఇంజను దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆ తర్వాత ఏమీ జరగనట్టే అదే చప్పుడుతో తిరగసాగింది. నేను పొగగొట్టం దగ్గర వంగి వాసన చూశాను. పెట్రోలు వాసన లేదు! మా ఆవిడ సరస్వతి అరుగు మీది నుంచి, "ముసలోనివి, మూతి కాల్తది, లెవ్వు!" అని అరిచింది. కాలితే కాలనీ అన్నాను.

బండి నెత్తిన పెద్ద సంచి. లారీ టార్పాలిన్‌కు లోపలివైపు పాత ట్యూబులు కోసి అతికించి, వాడే కుట్టాడు. గ్యాసు నిండితే ఆ సంచి ఉబ్బి మా ఇంటి చూరును తాకుతుంది. సంతలో పిల్లలకు కొనిచ్చే గాలి బుగ్గలాగా ఉందని బజారంతా దానికి అప్పుడే "బుగ్గ బండి" అని పేరు పెట్టారు. పెట్టనీ! పేరు పెట్టారంటే గుర్తుపెట్టుకున్నట్టే కదా.

పోతిరెడ్డిపల్లి నుంచి రుద్రారం దాకా పోయి, మళ్లీ ఇంటికి వచ్చాం. నేను ముందు సీట్లో కూర్చున్నాను. యుద్ధం రోజుల్లో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులు ఎక్కిన మనిషిని నేను. వెనక డ్రమ్ములో బొగ్గులు మండేవి, ఎత్తు వస్తే అందరం దిగి తోసేవాళ్లం. మా కిష్టయ్య బండిని ఎవరూ తోయనక్కరలేదు. దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ పుట్నాలు, బెల్లం పంచాను. బేరానికి వచ్చినా సరే, ఊరికే వచ్చినా సరే.

29 జులై

మళ్లీ నడిచింది.

2 ఆగస్టు

ఉగాదికి ముందు వీడు ఇంటికి వచ్చినప్పుడు ఎవరనుకున్నారు ఇట్లా అవుతుందని? దుకాణంలో తక్కెడ పట్టుకోరా అంటే పటాన్‌చెరుకు పోయి గ్యారేజీలో పానా పట్టుకున్నాడు. కోమటింట పుట్టి చేతులకు నల్లనూనె ఏమిట్రా అని నేను అన్నాను, వాడు మాట్లాడడం మానేశాడు. నాలుగేళ్లు అట్లాగే గడిచాయి. అయిపోయిన మాట, దాన్ని తవ్వను. పెట్రోలు ధర మండి టాక్సీలన్నీ మూలపడ్డాయి, గ్యారేజీ మూతపడింది. ఓనరు జీతం బదులు ఈ పాత వ్యాను చేతిలో పెట్టాడు. భార్య సుశీలను తీసుకుని ఆ వ్యానులోనే ఇల్లు చేరాడు. పెట్రోలు ధర పెంచిన వాళ్లు ఎక్కడున్నా చల్లగా ఉండాలి!

దొడ్డిలో గుంత తవ్వుకుంటానంటే తవ్వుకోమన్నాను. దొడ్డి పక్కనే పెద్దరాములు బర్రెల కొట్టం. కొట్టం నుంచి గుంత దాకా కిష్టయ్య సిమెంటు మోరీ కట్టాడు. కొట్టం కడిగితే పెండ, మూత్రం అన్నీ మోరీలో పడి నేరుగా గుంతలోకి వస్తాయి. గుంత మీద ఇనుప డ్రమ్ము బోర్లించి ఉంటుంది. లోపల గ్యాసు పుడుతుంటే డ్రమ్ము దానంతట అదే పైకి లేస్తుంది. రోజూ పొద్దున లేవగానే నేను చూసేది ఆ డ్రమ్మునే. దేవుడి పటాన్ని దాని తర్వాత చూస్తున్నాను, తప్పో ఒప్పో.

పెద్దరాములు ఇవాళ దుకాణం ముందు నిలబడి లొల్లి పెట్టాడు.

"సేటు, పాలు నా బర్రెలయి. పెండ నా బర్రెలది. పేరు మాత్రం నీ కొడుకుదా?"

"ఏం, నీ బర్రెల పేర్లు రాయించాల్నా బండి మీద?"

"అన్ని రాస్తే జాగ సాలదు. మా గంగి పేరు రాయించు. పెండ ఎక్కువ ఏసేది అదే."

కిష్టయ్య నిజంగానే తెల్లరంగు తెచ్చి బండి వెనక "గంగి" అని రాశాడు. పెద్దరాములు దాన్ని చూసి వెళ్లిపోయాడు. కాసేపటికి చెంబెడు పాలు పంపాడు.

8 ఆగస్టు

విశేషం ఏమీ లేదు.

అన్నాల దగ్గర కిష్టయ్య ఒక మాట అన్నాడు. పటాన్‌చెరు పక్కన పెద్ద ఫ్యాక్టరీ కాలనీలో ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకో పాల సొసైటీ ఉంది. మన చుట్టుపక్కల ఊళ్ల పాలు రోజూ పొద్దున్నే అక్కడికి చేర్చే పని దొరికితే బండికి చేతినిండా పని.

"సొసైటీ ఒప్పుకుంటె ఈన్నే ఉంటం. లేకుంటె దసరా ఎల్లినంక బొంబాయి పోతం. కామరాజు బావమరిది గ్యారేజీల జాగ ఉన్నదట," అన్నాడు. కామరాజు అంటే వాడితో గ్యారేజీలో పనిచేసిన ఆంధ్ర పిల్లవాడు.

చారు బాగుందని సుశీలతో అన్నాను. నిజంగా బాగుంది.

12 ఆగస్టు

సొసైటీ సెక్రటరీ స్వయంగా వస్తున్నాడు! పేరు రామలింగేశ్వరరావు. ఇరవై అయిదో తారీఖు, ఆదివారం. బర్రెలు చూస్తాడు, పాలు చూస్తాడు, బుగ్గ బండిలో కూర్చుని మా ఇంటి నుంచి కాలనీ దాకా పోతాడు. బండి గ్యాసు మీదే కాలనీ చేరిందా, పని మనది.

ఎందుకు చేరదు? రోజూ నడుస్తున్నదే! నాకేం బెంగ లేదు. ఇంత మంచి వార్త విని నాకు ఆకలి కూడా కాలేదు.

13 ఆగస్టు

పొద్దున కొట్టంలోకి పోయి నిలబడి చూశాను. పెద్దమనిషి వస్తే ఎక్కడ నిలబెట్టాలి? పెండ, ఈగలు, వాసన. ఆంధ్రవాళ్లు, ఉద్యోగస్తులు. ముక్కు మూసుకుని గడప నుంచే మళ్లిపోతే?

మా దుకాణానికి ఒక పద్ధతి ఉంది. మా నాయన పెట్టింది. బేరం ఎంత చిన్నదైనా కానీ, మెట్లెక్కిన వాడికి ముందు ఫినాయిలు వాసన రావాలి. వాసన వస్తే సరుకు కల్తీ లేదని మనిషి నమ్ముతాడు. రోజూ తెరవగానే మెట్లు ఫినాయిలుతో కడగనిది మేం తక్కెడ ముట్టం.

కొట్టానికీ అదే చేయిద్దామనుకున్నాను. దుకాణంలో ఫినాయిలు డబ్బాలకు కొదవ లేదు. కొట్టం ఊడ్చే ఆగమ్మకు రెండు డబ్బాలిచ్చి, నేల, గోడలు, మేత వేసే గాట్లు, మోరీ అన్నీ కడిగించాను. పక్కన నిలబడి మరీ కడిగించాను. చీపురు పట్టని మూల లేదు. అబ్బ, ఏం మెరిసింది!

కిష్టయ్యకు చెప్పలేదు. సెక్రటరీ వచ్చిననాడు వాడే చూసి ఆశ్చర్యపోవాలి.

15 ఆగస్టు

బడి దగ్గర జెండా ఎగరేశారు. మిఠాయి పంచారు. కొట్టం రెండు పూటలా కడిగించాను. ఇక రోజూ రెండు పూటలా.

18 ఆగస్టు

అధిక మాసం మొదలయింది. డ్రమ్ము మొన్నటంత ఎత్తు లేవలేదు. వాన మబ్బు వల్ల కావచ్చు.

కిష్టయ్య పైపులన్నింటికీ సబ్బునీళ్లు పూసి చూశాడు. బుడగ ఎక్కడా రాలేదు, అంటే గ్యాసు ఎక్కడా కారడం లేదు. సంచి అతుకులు కూడా చూశాడు. గట్టిగా ఉన్నాయి. ఎంత పనిమంతుడు!

20 ఆగస్టు

పెద్దరాములు వచ్చి, "సేటు, నీ మందు వాసనకు నా బర్రెలు కుడితి ముడ్తలేవు. జెర ఆపు," అన్నాడు.

"సెక్రటరీ వచ్చిపోయేదాక ఓర్సుకొమ్మను."

"ఎవల్ని? బర్రెల్నా?"

"నిన్ను కూడ."

వాడికి శుభ్రమంటే ఏం తెలుసు. పని మనకు వచ్చి పాల గిరాకీ పెరిగితే వాడే దండం పెడతాడు. డ్రమ్ము ఇవాళ ఇంకొంచెం దిగింది. ఎవరి కళ్లో పడ్డాయి. బజారులో ఏడ్చేవాళ్లు తక్కువా? నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు గుచ్చి డ్రమ్ముకు కట్టించాను. సరస్వతి, "పెండ గుంతకు దిష్టి దీసెటోన్ని నిన్నే సూసిన," అని నవ్వింది.

22 ఆగస్టు

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి.

కిష్టయ్య చాలాసేపు గుంత దగ్గర గొంతుకూర్చుని ఉన్నాడు. మోరీ గుంతలో కలిసే చోట చేయి పెట్టి, ఆ నీళ్లు అరచేతిలోకి తీసుకుని వాసన చూశాడు. తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు.

"నాయినా, కొట్టం ఎవరు కడిగిస్తున్నరు?"

దాచుకుందామనుకున్న మాట ఇక ఆగలేదు. "నేనే! దా, సూడు," అని వాడి చేయి పట్టుకుని కొట్టంలోకి తీసుకుపోయాను. నేల చూపించాను, గాట్లు చూపించాను. ఒక్క ఈగ లేదు. సెక్రటరీ ఎక్కడ నిలబడాలో, ఎక్కడ కుర్చీ వేయాలో అంతా చెప్పాను. ఎన్ని డబ్బాల ఫినాయిలు పోయించానో కూడా చెప్పాను.

వాడు కొట్టమంతా ఒకసారి కలియజూసి, నా వంక చూశాడు. తర్వాత, "మంచిగుంది నాయినా," అన్నాడు.

నేను చేసిన పనిని వాడు మెచ్చుకోవడం ఎప్పుడైనా విన్నానా? వినలేదు. ఇంకోసారి రాసుకుంటాను. మంచిగుంది నాయినా, అన్నాడు.

ఇంట్లోకి వస్తాడు, అన్నం తింటాడు, దొడ్డి నుంచే వస్తాడు, దొడ్డి నుంచే పోతాడు. దుకాణం మెట్లు మాత్రం ఇప్పటికీ ఎక్కలేదు. అదీ అవుతుంది. అన్నీ ఒక్కొక్కటే అవుతాయి.

25 ఆగస్టు, ఆదివారం

సెక్రటరీగారు వచ్చారు. తెల్లని పంచె, చేతిలో గొడుగు. కొట్టంలో అడుగు పెట్టగానే, "ఏవండీ రాజేశం గారూ! బర్రెల కొట్టమా ఇది, ఆసుపత్రా?" అన్నారు. ఆ మాటకు నేను ఆకాశంలో ఉన్నాను. కిష్టయ్య తల వంచుకుని నిలబడ్డాడు. మొదటి నుంచీ బిడియస్తుడు.

సంచి సగానికి కొంచెం పైన నిండింది. రుద్రారం పోయి వచ్చిన నాడు బిగుసుకుని ఉండింది. చాలుతుందిలే అనుకున్నాను. సెక్రటరీగారు ముందు కూర్చున్నారు, నేను వెనక పాల క్యాన్ల మధ్య కూర్చున్నాను.

కంది ఊరు దాటలేదు.

సంచి మెల్లగా ఒరిగి అద్దం మీదికి జారింది. ఇంజను దగ్గింది, ఆగింది. రోడ్డు మీద పోయేవాళ్లు సైకిళ్లు ఆపి చూశారు. "బుగ్గ పలిగింది రో!" అని ఎవడో అరిచాడు. కిష్టయ్య దిగి, సంచి మడిచి కట్టి, పెట్రోలు నల్లా తిప్పబోయాడు.

"పెట్రోలు మీద ఏ బండైనా నడుస్తుందయ్యా అబ్బాయ్," అన్నారు సెక్రటరీగారు. కోపం లేదు ఆయన గొంతులో. "పొద్దున్నే పసిపిల్లలున్న ఇళ్లు పాల కోసం చూస్తుంటాయి. ఇవాళ గ్యాసు రాలేదండీ అని నేను ఏ మొహంతో చెప్పను?"

"తప్పు నాదే సార్," అన్నాడు కిష్టయ్య. "సంచి అతుకు ఊడింది. నేను సూసుకోలె."

నేను విన్నాను. అతుకులన్నీ వాడు నా ముందే చూశాడు. గట్టిగా ఉన్నాయని వాడే చెప్పాడు. కంగారులో మరిచిపోయి ఉంటాడు.

"బాగుచేసుకుని కబురు పెట్టు. దసరా లోపలైతే వస్తాను. ఆ తర్వాత ఇంకొకరికి మాటిచ్చేస్తాను," అని ఆయన బస్సెక్కి వెళ్లిపోయారు.

అధిక మాసంలో పెట్టుకోవడం మనదే పొరపాటు. శుభకార్యానికి పనికిరాని నెల. నేనైనా చెప్పవలసింది. దసరా ఇంకా ఎంతో దూరం ఉంది. నాకేం బెంగ లేదు.

27 ఆగస్టు

సుశీల ట్రంకు పెట్టె ఎండలో పెట్టింది. చెదలు పట్టకుండా అట. మంచి అలవాటు.

బొంబాయి మాట ఎవరూ ఎత్తలేదు.

28 ఆగస్టు

బొంబాయి మాట ఎవరూ ఎత్తలేదు. కొట్టం కడిగించాను.

30 ఆగస్టు

బర్రెలకు మేత వేయడానికి పెద్దరాములు లేడు. సరే, నేనే వేద్దామని గడ్డివాము దగ్గరికి పోయి ఒక మోపు లాగాను. వెనక ఫినాయిలు డబ్బాలు. ఆగమ్మకు రోజూ నేనిచ్చినవే. మూతలు కూడా తీయలేదు.

దొంగతనం అనుకున్నాను. ఆమెను పిలిచి అడిగాను. ఆగమ్మ భయపడలేదు, నా మీదే లేచింది.

"నేనెందుకు దొంగతనం జేస్త సేటు? చిన్న సేటే చెప్పిండు. నాయిన ఇస్తె డబ్బా తీస్కో, గని పొయ్యకు, ఉత్త నీళ్లతోనే కడుగు, డబ్బాలు గడ్డి ఎన్క పెట్టు అన్నడు."

"ఎప్పుడు చెప్పిండు?"

"సెక్రటరీ సారు రాకముందే. గుంత కాడ కూసున్నడు సూడు, గా దినం."

"ఎందుకట?"

"గుంతల కంటికి కనపడని పురుగులుంటయట. గవే పెండను తిని గ్యాసు జేస్తయట. ఫినాయిలు వడితె గవన్ని సస్తయట. సచ్చినయి అన్నడు. ఇగ కొత్తగ పుట్టాలె అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలె?"

"నేను గదే అడిగిన. నాయినకు చెప్పకు ఆగమ్మా, కొట్టం మంచిగయిందని మస్తు సంబురంల ఉన్నడు, అన్నడు."

31 ఆగస్టు

దుకాణం తెరవలేదు.

2 సెప్టెంబరు

చెప్పుదామని దొడ్డిలోకి పోయాను. కిష్టయ్య డ్రమ్ము పక్కన నిలబడి ఉన్నాడు. డ్రమ్ము పూర్తిగా కిందికి దిగిపోయింది. నిమ్మకాయలు ఎండి నల్లబడ్డాయి.

నేను నోరు తెరిచేలోపల వాడే అన్నాడు. "నాయినా, గుంత మొత్తం ఖాళీ చేయాలె. మళ్ల కొత్తగ నింపాలె."

"ఎందుకు బిడ్డా?" అన్నాను.

"వానలకు. వానలకు గ్యాసు తగ్గింది."

ఈ మధ్య పెద్ద వాన ఏదీ పడలేదు.

"అవును," అన్నాను. "వానలకే."

ఇద్దరం కాసేపు ఆకాశం వంక చూశాం.

5 సెప్టెంబరు

గుంత ఖాళీ చేశాం. గొలుసు వేసి డ్రమ్మును లేపాం. లోపల మంచి గాలి ఉండదని కిష్టయ్య ఎవరినీ దిగనివ్వలేదు. పైనుంచే బకెట్లతో తోడాం. పెద్దరాములు, ఆగమ్మ, కిష్టయ్య, నేను. నన్ను కూర్చోమన్నారు, కూర్చోలేదు.

పెద్దరాములు బకెట్ అందిస్తూ, "సేటు, జన్మల మొదటిసారి పని చేస్తున్నవ్, నడుము జాగ్రత," అన్నాడు. గ్యాసు ఆగింది నా ఫినాయిలు వల్లనేనని వాడికి తెలుసో తెలియదో. వాడి నోరు ఇవాళ నాకు తియ్యగా ఉంది.

తోడిందంతా దూరంగా బీడులో పోశాం. గుంతను, మోరీని ఉత్త నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగాం. ఫినాయిలు వాసన పోయిందా లేదా అని నేనే వంగి ముక్కు పెట్టి చూశాను. దుకాణంలో అరవై ఏళ్లుగా నాకు మంచి వాసన అదొక్కటే. ఇవాళ ముఖం తిప్పుకున్నాను.

7 సెప్టెంబరు

బొంతపల్లిలో ఒక రైతుకు పెండ గ్యాసు గుంత ఉంది. పాలలో తోడు వేసినట్టు, నడిచే గుంతలోని పెండనీళ్లు కొన్ని తెచ్చి మన గుంతలో కలిపితే పురుగు తొందరగా పుడుతుందట. బండిలో పీపాలు పెట్టుకుని నేనూ కిష్టయ్యా పోయాం. పెట్రోలు మీదే పోయాం. దారిలో వాడు పురుగు అనలేదు, తోడు అన్నాడు. నేనూ తోడు అన్నాను.

వచ్చేటప్పుడు వీరభద్రుడి గుడి ముందు బండి ఆపాడు. బట్టల నిండా పెండ. లోపలికి ఎట్లా పోతాను? బయటి నుంచే దండం పెట్టాను. ఏం కోరుకున్నానో రాయను.

10 సెప్టెంబరు

రోజూ తెల్లవారగానే పెండ కలపడం నా పని చేసుకున్నాను. తొట్టిలో పెండ వేసి, సమానంగా నీళ్లు పోసి, చేత్తో పిసకాలి. ఆగమ్మ చేస్తానంటే వద్దన్నాను. మొదటి రోజు కిష్టయ్య కొంచెం దూరంలో నిలబడి చూశాడు. ఎందుకు చేస్తున్నావని అడగలేదు. దగ్గరికి వచ్చి, "గడ్డిపోసలు తీసెయ్యాలె నాయినా. లోపలికి పోతె పైన అట్ట కడ్తది," అన్నాడు. తానూ చేయి పెట్టి ఒకటి రెండు తీసి చూపించాడు.

సరస్వతి చెంబుతో నీళ్లు పోస్తూ, "కొడుకు చేతులు నల్లగైనయని ఊరంత తిట్టుకుంట తిరిగినవ్. ఇప్పుడు నీ చేతులు సూడు," అంది. చూశాను. గోళ్ల సందుల్లో పచ్చగా ఉంది. సున్నిపిండి పెట్టి తోమినా పోలేదు. దుకాణంలో బెల్లం కొట్టి ఇస్తే ఒకావిడ వద్దని వెళ్లిపోయింది. పోతే పోయింది!

16 సెప్టెంబరు

డ్రమ్ము లేవలేదు.

17 సెప్టెంబరు

లేవలేదు. అధిక మాసం మాత్రం నిన్నటితో అయిపోయింది. అధిక మాసం చేసిన తప్పేమీ లేదు, దాని మానాన అది వచ్చి పోయింది.

20 సెప్టెంబరు

కదిలింది! అంచు దగ్గర తడి గీత కనపడింది. అంటే లేచినట్టే! అందరినీ కేకలేసి పిలిచాను. పైపు దగ్గర అగ్గిపుల్ల గీశాడు కిష్టయ్య. అంటుకోలేదు. మొదట వచ్చేది మండదు, వదిలేయాలి అన్నాడు. వదిలేశాడు. నాకు ప్రాణం పోయినట్టయింది, అంత కష్టపడి లేచింది కదా పాపం.

26 సెప్టెంబరు

మండింది. నీలంగా మండింది. నేను ఏడ్చాను. సరస్వతి కూడా ఏడ్చింది, పొగ అని చెప్పింది. ఆ మంటకు పొగ ఉండదు.

సుశీల ఆ మంట మీదే చాయ్ పెట్టింది. ఇంత రుచిగల చాయ్ నేను నా జన్మలో తాగలేదు. మూడుసార్లు తాగాను.

6 అక్టోబరు, ఆదివారం

సెక్రటరీగారు వచ్చారు. కొట్టం ఊడ్చి ఉంది, అంతే. పెండ ఉంది, ఈగలు ఉన్నాయి, వాసన ఉంది. ఆయన గడప దాటగానే రుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నారు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

"ఏవండీ, మొన్నటి ఆసుపత్రి ఏమైంది?"

"మూసేసినం సార్," అన్నాను. "రోగం నాదే."

కిష్టయ్య గబుక్కున నా వైపు తిరిగాడు. నేను బండి వైపు చూస్తూ నిలబడ్డాను. సెక్రటరీగారికి అర్థం కాలేదు, నవ్వేశారు.

సంచి బిగుసుకుని ఉంది. వేలితో కొడితే డోలులాగా మోగింది. ఈసారి నేను ఎక్కలేదు. నా బరువు ఎందుకు అన్నాను. నిజం చెప్పాలంటే కంది దగ్గర కూర్చుని చూడగల ధైర్యం లేదు. బండి మలుపు తిరిగేదాకా "గంగి" అన్న తెల్ల అక్షరాలు కనిపించాయి. తర్వాత నేను పోయి తొట్టిలో రేపటి పెండ కలిపాను. కలిపిందే కలిపాను. పెద్దరాములు వచ్చి పక్కన కూర్చుని బీడీ తీశాడు. గుంత దగ్గర అగ్గి వద్దన్నానని జేబులో పెట్టుకున్నాడు, అయినా లేచిపోలేదు.

బండి చప్పుడు నాకంటే ముందు వాడికి వినపడింది.

కిష్టయ్య దిగాడు. సంచి ఖాళీగా మడిచి ఉంది.

"కాలనీ గేటు దాక గ్యాసే నాయినా. గేటు కాడ సారు దిగి పొగగొట్టం వాసన సూసిండు, నీ లెక్కనే. వచ్చేటప్పుడు పెట్రోలు మీద వచ్చిన."

"ఏమన్నడు?"

"పోయేటప్పుడు గ్యాసు, వచ్చేటప్పుడు పెట్రోలు. సగం మిగిలినా మిగిలినట్టే గదా అన్నడు. ఎల్లుండి సంది పాలు తెమ్మన్నడు."

సుశీల లోపలికి పోయి ట్రంకు పెట్టెను మంచం కిందికి తోసింది. ఆ చప్పుడు దొడ్డి దాకా వినిపించింది.

8 అక్టోబరు

మొదటి రోజు. పాలు చేరాయి.

9 అక్టోబరు

చేరాయి.

12 అక్టోబరు

పొద్దున దుకాణం తెరిచాను. దుకాణం మెట్లు నేనే కడిగాను, ఉత్త నీళ్లతో. వాసన ఏమీ లేదు. జనం వస్తూనే ఉన్నారు. నాయన చూస్తే ఏమనేవాడో.

బండి దుకాణం ముందు ఆగింది, దొడ్డి వైపు కాదు. కిష్టయ్య దిగి మెట్ల కింద నిలబడ్డాడు. చేతులు తుడుచుకున్నాడు. మెట్లెక్కాడు. నేను లేచి నిలబడ్డాను, ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు.

"సేటూ," అన్నాడు, గిరాకీ పిలిచినట్టు. "ఫినాయిలు ఉన్నదా?"

నేను తక్కెడ పళ్లెం తుడవసాగాను.

"సొసైటీల పాలగది కడుగుతరట. సారు తెమ్మన్నడు. పాలగదికే, మన కొట్టంకు కాదు. అడుగుతున్న, ఉన్నదా లేదా? లేకుంటె గడ్డివాము ఎన్క సూడు."

వాడి మీసం కింద నవ్వు కనపడింది. వాళ్లమ్మ నవ్వే. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఉన్నది ఉన్నది, ఉండు," అని లోపలికి పోయాను. ఆగమ్మ తిరిగిచ్చిన డబ్బాలు మూలన గోనెసంచి కింద దాచాను. తీయడానికి కాస్త ఆలస్యమయింది, కళ్లు తుడుచుకోవాలి కదా.

డబ్బాలు పట్టుకుని వచ్చేసరికి మెట్ల మీద ఎవరో ఆడమనిషి పుట్నాలకు వచ్చి నిలబడి ఉంది. కిష్టయ్య నా చోట కూర్చున్నాడు. నల్లనూనె చేతులతో తక్కెడ పట్టుకుని పుట్నాలు తూస్తున్నాడు.

సరుకు వైపు బాగా మొగ్గింది. నేను చూశాను. పొట్లం కట్టడానికి కాగితం అందించాను.